డబుల్ ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంప్: ఏడాది వాడాక, ముఖ్యంగా ఆ వాల్వు గురించి

ఎనిమిదో నెలలో కొన్న సామాన్లలో ఇవాళ్టికీ రోజూ చేతిలో ఉండేది ఈ పంపు ఒక్కటే. మోడ్‌లు, లెవెల్స్ అన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా బాధంతా దాని వాల్వుతోనే.

బాతు ముక్కు ఆకారంలో ఉండే చిన్న సిలికాన్ ముక్క అది. మోటారు గాలి లాగినప్పుడు దాని చివర చీలిక మూసుకుంటుంది, వదిలినప్పుడు తెరుచుకుని పాలు సీసాలోకి దిగుతాయి. చీలిక సరిగ్గా మూసుకోకపోతే మోటారు ఎంత తిరిగినా పాలు రావు.

26 వారాల సెలవు అయిపోయి ఆఫీసులో చేరాను. మొదట్లో మధ్యాహ్నం పంపు పెడితే సీసా సగం నిండేది. కొన్నాళ్లకు అడుగు తడవడమే గగనమైంది. మోటారు చప్పుడులో మాత్రం తేడా లేదు. "ఉద్యోగం టెన్షన్‌కి పాలు తగ్గిపోతున్నాయమ్మా" అని అత్తయ్య దిగులు పడ్డారు. విజయవాడ నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి వెల్లుల్లి తిను, మెంతికూర తిను అనేది. సాయంత్రం ఇల్లు చేరేసరికి రొమ్ములు రాయిలా గట్టిపడేవి. ఒక రాత్రి చలిజ్వరం కూడా వచ్చింది. ఇక పాపకు డబ్బా పాలే గతేమోనని ఏడ్చేశాను. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే మోటారు పోయి ఉంటుంది, పంపిస్తే చూస్తాం, వారం పది రోజులు పడుతుందన్నారు. అన్ని రోజులు పంపు లేకుండా ఎలా?

చివరికి ఆసుపత్రిలో బాలింతలకు పాలివ్వడం నేర్పే నర్సమ్మ పంపు పట్టుకుని రమ్మన్నారు. ఆవిడ మోటారు ముట్టుకోనే లేదు. వాల్వు ఊడదీసి కిటికీ వెలుతురుకి పట్టారు. నొక్కకుండానే చీలికలోంచి వెలుతురు సన్నని గీతలా కనబడింది. రోజూ మరిగించడం, లోపల బ్రష్ పెట్టి రుద్దడం వల్ల సాగిపోయిందట. కొత్తది బిగించి ఆన్ చేయగానే లాగుడు ఎంత మారిందో నాకే తెలిసింది.

పంపు ఖరీదులో అదెంత! అయినా డబ్బాలో ఒక్క స్పేర్ పెట్టలేదు. మాన్యువల్‌లో, క్లీనింగ్ పేజీలో, దీని గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. విడిగా కొందామంటే చాలాసార్లు స్టాక్ ఉండదు. పాలు రాకపోతే తల్లి ముందు తన ఒంటినే అనుమానిస్తుంది. అందుకే నాకింత కోపం. ఇప్పుడు నెలకోసారి వెలుతురుకి పట్టి చూస్తాను, రెండు జతలు బీరువాలో దాచుకున్నాను.

కొన్న కొత్తలో బ్యాటరీ బ్రహ్మాండమని స్నేహితులందరికీ చెప్పాను. కరెంటు పోయినప్పుడు ఇప్పటికీ ఆదుకుంటుంది, కాకపోతే రెండు వైపులా పెడితే సాయంత్రం దాకా రాదు, చార్జర్ బ్యాగులో ఉండాల్సిందే. రొమ్ముకు ఆనించే గరాటులు, అదే ఫన్నెల్స్, 24, 28 మిల్లీమీటర్లవి ఇచ్చారు, నాకు 21 సరిపోయింది. ఆ కొలత ప్రసవం అయ్యాకే తెలుస్తుంది. సీల్ తీస్తే వెనక్కి తీసుకోరు, వారంటీ బిల్లు తేదీ నుంచే లెక్క. కడుపుతో ఉన్నప్పుడే కొనాలా అని అడిగితే, మోడల్ చూసి పెట్టుకోండి, బిల్లు తర్వాత చేయించండి అంటాను. ఐస్ ప్యాక్ సంచి మాత్రం తప్పకుండా కొనండి. పిండిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయన్న లెక్క 25 డిగ్రీల లోపు గదికే, మన మే నెలకు కాదు.

ఇంట్లోనే ఉండి బిడ్డకు నేరుగా పాలిచ్చే వాళ్లకు ఇంత ఖరీదైనది అక్కర్లేదు, చేత్తో నొక్కే పంపు చాలు. నాకు ఆఫీసు దూరం, పగలు పాపను అత్తయ్య చూసుకుంటారు, ఆఫీసులో తలుపు వేసుకునే గది ఉంది. ఇవన్నీ కుదిరాయి కాబట్టే ఇది పనికొచ్చింది. మళ్లీ అవసరం పడితే బహుశా ఇదే కొంటాను, ముందు వాల్వులు దొరుకుతున్నాయో లేదో చూసుకుని.