బెస్కామ్ నెట్ మీటరింగ్: యూనిట్లు సున్నా అయినా బిల్లు సున్నా కాదు

బెంగళూరులో మారతహళ్లి వైపు సొంతిల్లున్న మనవాళ్లు తరచూ అడిగేదొకటే: సోలార్ ప్యానెళ్లు పెట్టాక కూడా బెస్కామ్ (బెంగళూరు విద్యుత్ సంస్థ) బిల్లెందుకు? నెట్ మీటరింగ్ అంటే గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి మనం గ్రిడ్‌కు పంపినవి తీసేసి లెక్కగట్టడం. అలా యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ ఛార్జీ ఉంటుంది. అది వాడకం మీద కాదు, శాంక్షన్డ్ లోడ్ (కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) మీద పడుతుంది. 2025-26 టారిఫ్‌లో ఇళ్లకు కిలోవాట్‌కు నెలకు 145 రూపాయలు. 3 కిలోవాట్లకు 435. ప్యానెళ్ల కోసం లోడ్ 5కి పెంచుకుంటే 725. కొటేషన్‌లో ఈ 290 తేడా రాసిందా లేదా చూసుకోండి, అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు.

ఇన్వర్టర్ యాప్‌లో ప్యానెళ్ల ఉత్పత్తి 300 యూనిట్లు కనిపించి బిల్లులో ఎక్స్‌పోర్ట్ (గ్రిడ్‌కు పంపినవి) 180 ఉంటే కంగారొద్దు. పగలు ఇల్లు వాడేసుకున్నవి మీటర్ దాకా రావు. సరిచూడాల్సింది మీటర్ డిస్‌ప్లేలోని ఇంపోర్ట్ (గ్రిడ్ నుంచి తీసుకున్నవి), ఎక్స్‌పోర్ట్ రీడింగులే. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ (గ్రిడ్‌తో కలిసి పనిచేసే) ఇన్వర్టరూ ఆగిపోతుంది. ప్యానెళ్లకు కేంద్రం సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు, ఆపైన పెరగదు. చిన్న కుటుంబానికి అంతకు మించి పెట్టడం దండగ.