బ్లెండర్ కెమెరాలో షిఫ్ట్ వై: ఒక్క గడికి రివ్యూ

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ మొత్తానికి రివ్యూ రాసే ఓపిక నాకు లేదు. కెమెరా సెట్టింగుల్లో ఫోకల్ లెంగ్త్ కింద షిఫ్ట్ ఎక్స్, షిఫ్ట్ వై అని రెండు గడులుంటాయి. ఆ రెండో గడి గురించే ఇదంతా. గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే కూర్చుని బిల్డర్లకి 3డీ ఎలివేషన్లు, అంటే కట్టబోయే బిల్డింగు ముందు నుంచి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మలు, చేస్తుంటాను. మొదటి ఏడాదంతా ఆ గడి వైపు చూడనే లేదు.

చూసేలా చేసింది ఒక తాపీ మేస్త్రీ గారు. విద్యానగర్‌లో స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగు) మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. సైటు ముందు ఫ్లెక్సీ కోసం బిల్డరు గారు రెండర్, అంటే 3డీ మోడల్ నుంచి తీసిన బొమ్మ, అడిగారు. రోడ్డు మీద నిలబడ్డ మనిషికి కనిపించినట్టే ఉండాలని కెమెరాని ఐదున్నర అడుగుల ఎత్తున పెట్టి, తల పైకెత్తినట్టు తిప్పాను. స్క్రీను మీద బాగానే అనిపించింది. ఫ్లెక్సీ కట్టాక చూస్తే బిల్డింగు కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, వెనక్కి వాలిపోతున్నట్టు. మేస్త్రీ గారు సంచిలోంచి తూకం గుండు తీసి ఫ్లెక్సీ ముందు వేలాడదీశారు. మూల స్తంభం కింద దారానికి ఆనుకునే ఉంది, మూడో అంతస్తు దగ్గర జానెడు లోపలికి పోయింది. "ఏమ్మా, నేను కట్టకముందే నువ్వు తూకం తప్పించావే" అన్నారు. బిల్డరు గారు మాత్రం నవ్వలేదు. ఫ్లెక్సీ డబ్బులు నా మీదే పడ్డాయి.

ఆ రాత్రి టెన్షన్‌లో తోచిన ఉపాయం, ఫొటో ఎడిటర్‌లో బొమ్మ పైభాగాన్ని పట్టుకుని అటూ ఇటూ లాగడం. స్తంభాలు నిటారుగా నిలబడ్డాయి. కానీ పిక్సెళ్లు సాగి ఐదో అంతస్తు గ్రిల్స్ మసకబారాయి, పక్కనున్న కొబ్బరిచెట్టు తల ఫ్రేము బయటికి పోయింది. ఫ్లెక్సీ సైజులో ఆ మసక దాగదు.

తప్పు కెమెరా తల ఎత్తడంలోనే ఉంది. కెమెరా లోపల బొమ్మ పడే పలక, అంటే సెన్సరు, గోడకి సమాంతరంగా ఉన్నంతసేపూ నిలువు గీతలు నిలువుగానే పడతాయి. తల ఎత్తితే సెన్సరు కూడా వాలుతుంది, గీతలు పైన ఒక బిందువు వైపు పరిగెడతాయి. అందుకని కెమెరా తలని కిందికీ పైకీ తిప్పే రొటేషన్ ఎక్స్‌ని కచ్చితంగా 90 డిగ్రీలకి తెచ్చి కెమెరాని తిన్నగా పెట్టాలి. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. సగం ఫ్రేము రోడ్డే ఉంటుంది, పై అంతస్తులు తెగిపోతాయి. షిఫ్ట్ వై పని అక్కడ. కెమెరా కదలకుండా, వాలకుండా, చూసే చట్రాన్ని మాత్రం పైకి జరుపుతుంది.

నా ఫైల్లో లెక్క చెబుతాను. 36 మిల్లీమీటర్ల సెన్సరు, 24 మిల్లీమీటర్ల లెన్సు, నిలువు ఫ్రేము, గోడకి 60 అడుగుల దూరం. గోడ దగ్గర ఫ్రేము ఎత్తు 90 అడుగులు. కంటి ఎత్తు నుంచి సగం పైకి పోతే 50 అడుగులే అందుతుంది, పారాపెట్ (మేడ మీద పిట్టగోడ) 64 దగ్గరుంది. షిఫ్ట్ వై 0.3 కొట్టాను, అంటే ఫ్రేము ఎత్తులో 0.3 వంతు. చట్రం 27 అడుగులు పైకి జరిగింది, పారాపెట్ పైన 13 అడుగుల ఆకాశం కూడా వచ్చింది. అసలు కెమెరాల్లో ఈ పనికి ప్రత్యేక లెన్సులున్నాయి. 2009లో వచ్చిన కెనాన్ టీఎస్-ఈ 17 మిల్లీమీటర్ల లెన్సు 12 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది. నా 36 మిల్లీమీటర్ల సెన్సరులో 0.3 అంటే దాదాపు 11 మిల్లీమీటర్లు. ఆ లెన్సు ధర లక్ష పైమాటే, బ్లెండర్ ఉచితం.

మరీ మురిసిపోవద్దు. అంత దగ్గర నుంచి అంత షిఫ్ట్ వాడితే గోడ ముఖం బాగానే ఉంటుంది గానీ, పై బాల్కనీల అడుగుభాగాలు పెద్దగా కనబడతాయి, గుండ్రటి లైట్లు కోడిగుడ్లవుతాయి. బిల్డింగు తల బరువెక్కి మన మీదికి వస్తున్నట్టుంటుంది. దానికి మందు వెనక్కి జరగడమే. 100 అడుగులకి పోయి 35 లెన్సు పెడితే 0.2 చాలింది. కెమెరా ఎదురింటి వంటగదిలోకి దూరింది, అది వేరే సంగతి! కెమెరా ఎంత దూరం నుంచి చూడటం మొదలుపెట్టాలో చెప్పే క్లిప్ స్టార్ట్ పెంచితే ఎదురిల్లు కెమెరాకి కనబడదు, దాని నీడ మాత్రం మన గోడ మీద పడుతూనే ఉంటుంది. ఇంకా ఎత్తైన బిల్డింగులకి నేను రొటేషన్ ఎక్స్‌ని 91, 92 డిగ్రీల దగ్గర ఆపేస్తాను. కొంచెం వాలు ఉంటేనే కంటికి ఎత్తు తెలుస్తుంది. పైనుంచి చూసే వ్యూలకైతే ఈ గడి జోలికే పోను.

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఎందుకంటే అంకె మనమే వేసుకోవాలి. ఇలాంటిదే ఇంకో 3డీ సాఫ్ట్‌వేర్ 3డీఎస్ మ్యాక్స్‌లో, ఫిజికల్ కెమెరాలో నిలువు వాలుని తనే సరిచేసే టిక్కు ఉంది. స్కెచప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో నిలువు గీతల్ని నిలువుగా ఉంచే టూ పాయింట్ పర్‌స్పెక్టివ్ మెనూలోనే దొరుకుతుంది, కాకపోతే ఆర్బిట్ చేయగానే (చూపుని చుట్టూ తిప్పగానే) పోతుంది కాబట్టి ముందే సీన్ సేవ్ చేసుకోవాలి.

రెండో ఫ్లెక్సీ కట్టిన రోజు మేస్త్రీ గారు మళ్లీ గుండు వేలాడదీశారు. దారం, స్తంభం కలిసే దిగాయి. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, "అంతా బాగుంది గానీ గేటు పక్క ట్రాన్స్‌ఫార్మర్ ఏదమ్మా?" అన్నారు. అది తీసేయమన్నది బిల్డరు గారే. ఆయన పక్కనే ఉన్నారు, నేను మాట్లాడలేదు.