వ్రోత్స్వాఫ్‌లో చవక హాస్టల్: ఒక చలికాలమంతా ఉన్నాక

పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరంలో, ఓ పాత భవనం మూడో అంతస్తులో ఉన్న ఈ హాస్టల్‌లో అక్టోబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఉన్నాను. అద్దె గది దొరికేవరకు అనుకుని దిగినవాణ్ని, కొన్నాళ్లకు గది వెతకడమే మానేశాను. రెండు రాత్రులు ఉండి వెళ్లేవాళ్లు గోడల మీది బొమ్మలనూ ఉచిత కాఫీనీ పొగిడి సరిపెడతారు. నెలల తరబడి ఉండేవాడికి కావలసిన లెక్క వేరు.

ముందు మంచం సంగతి. గదికి ఎనిమిది మంచాలు, కింద ఒకటి, పైన ఒకటి. ప్రతిదానికీ తెర, చిన్న దీపం, ఛార్జింగు ప్లగ్గు ఉన్నాయి. దుప్పటి, పక్కబట్టలు వాళ్లే ఇస్తారు. తువ్వాలుకు విడిగా డబ్బు కట్టాలి. మంచం కింద సొరుగుకు తాళం మనమే తెచ్చుకోవాలి. లిఫ్టు లేదు. పెద్ద పెట్టెతో చెక్కమెట్లు ఎక్కిన రోజు నా నడుము నాతో మాట్లాడలేదు. విమానాశ్రయం నుంచి 106 నంబరు బస్సు ప్రధాన రైల్వే స్టేషను దాకా వస్తుంది, అక్కడి నుంచి నడకే. బయట నీళ్లు గడ్డకట్టే చలి ఉన్నా గదిలో రేడియేటరు వేడికి కిటికీ తెరవాల్సి వచ్చేది. ఆ విషయంలో పిసినారితనం లేదు.

ఈ హాస్టల్ అసలు విలువ వంటింట్లో ఉంది. నాలుగు పొయ్యిలు, మొద్దుబారిన కత్తులు, ఎవరెవరో వదిలేసి పోయిన ఉప్పు, మిరియాలు, బియ్యం పెట్టిన ఉమ్మడి అర. డిసెంబరులో నాలుగు గంటలకల్లా చీకటి పడుతుంది. ఇక అందరూ అక్కడికే చేరతారు. యుద్ధం వల్ల ఇల్లు వదిలి వచ్చిన ఉక్రెయిన్ తల్లీకూతుళ్లు, గిడ్డంగిలో రాత్రి పని చేసే కుర్రాళ్లు, విశ్వవిద్యాలయంలో సగం ఏడాది చదవడానికి వచ్చిన స్పెయిన్ విద్యార్థులు. నా ఇంగువ తాలింపుకు మొదట్లో ముక్కులు ముడిచారు. పొగ గుర్తించే యంత్రం కూడా ఒకసారి కేకలు పెట్టింది. వారం తిరిగేసరికి ఆ తల్లి నా పప్పుచారులో బీట్‌రూట్ వేసి చూడమంది. వేశాను. రంగు చూసి భయపడ్డాను గానీ రుచికి వంక పెట్టలేను.

వండుకునే ఓపిక లేని రోజున కుజ్నిచా వీధిలోని ‘మిష్’ అనే పాల హోటలుకు వెళ్లేవాణ్ని. ప్రభుత్వ రాయితీతో చవకగా భోజనం పెట్టే ఇలాంటి హోటళ్లు కమ్యూనిస్టుల కాలంలో ఊరూరా ఉండేవి, ఇప్పుడు తగ్గిపోయాయి. శాకాహారులకు ‘పియెరోగి రుస్కీ’ అనే, నీళ్లలో ఉడికించిన కజ్జికాయల్లాంటివి మంచి దారి: లోపల బంగాళదుంప, పనీరు లాంటి తెల్ల జున్ను. అయితే పైన పందికొవ్వు వేయించిన ముక్కలు చల్లే అలవాటుంది, వద్దని ముందే చెప్పాలి.

రిసెప్షన్‌లో ఉండేవాళ్లు మర్యాదతో సరిపెట్టరు, పట్టించుకుంటారు. ఆదివారాలు చాలావరకు పెద్ద దుకాణాలు మూసి ఉంటాయని, శనివారం సాయంత్రమే తలుపు మీద కాగితం అంటించేవారు. 2018లో వచ్చిన చట్టం అది. అలాంటప్పుడు యజమానే కౌంటరులో కూర్చునే ‘జాబ్కా’ కొట్లే దిక్కు. ఊరంతా కనిపించే కంచు మరుగుజ్జుల కథ కూడా అక్కడే విన్నాను. 1980లలో ప్రభుత్వ వ్యతిరేక నినాదాలపై పోలీసులు పూసిన తెల్లరంగు మచ్చల మీద, ‘నారింజ ప్రత్యామ్నాయం’ అనే బృందం మరుగుజ్జు బొమ్మలు గీసేదట. దాని గుర్తుగా 2001లో శ్విద్నిత్స్కా వీధిలో మొదటి విగ్రహం పెట్టారు. ఫిబ్రవరిలో వచ్చే ‘కొవ్వు గురువారం’ నాడు, ఉపవాస దినాలకు ముందు, రిసెప్షన్ బల్ల మీద ఒక పళ్లెం నిండా ‘పోంచ్కి’ పెట్టారు. గులాబీ జామ్ కూరిన ఆ బూరెలకు డబ్బు అడగలేదు.

ఇక చిరాకులు. ఫ్రిజ్‌లో పేరు రాసి పెట్టిన పాలు మాయమవుతాయి. ఎవరు తాగారని అడిగితే అందరూ దైవభక్తులే. స్నానాల గదులు తక్కువ, ఉదయం ఏడింటికి వరుస తప్పదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలని రాసి ఉంటుంది గానీ, శుక్రవారం రాత్రి పెళ్లికి ముందు వేడుకకని గుంపులుగా దిగేవాళ్లకు ఆ బోర్డు కనిపించదు. ఆ రాత్రులకు చెవుల్లో పెట్టుకునే దూది నాకు పక్కబట్టలంత అవసరమైంది. యాజమాన్యం మందలించేది, కానీ ముందే అలాంటి గుంపులను ఆపేది కాదు.

చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకు ముఖ్యమైన మాట: ఈ హాస్టల్ చిరునామా నమోదుకు కావలసిన పత్రం ఇవ్వదు. ముప్పై రోజులు దాటి పోలండ్‌లో ఉండే విదేశీయులు నమోదు చేసుకోవాలి కాబట్టి, ఆ పని కోసం వేరే ఇల్లు చూసుకోక తప్పదు. నాకు నా సంస్థ ఆ ఏర్పాటు చేసింది, లేకపోతే నవంబరులోనే వెళ్లిపోయేవాణ్ని.

రాత్రి విధులు చేసేవాళ్లకూ, ఒక్క చప్పుడుకే లేచే నిద్ర ఉన్నవాళ్లకూ ఇది వద్దు. కొత్త ఊరిలో ఒంటరిగా దిగి, సాయంత్రం ఎవరితోనైనా మాట్లాడాలనిపించేవాళ్లు నిస్సంకోచంగా రావచ్చు. కింది మంచం అడగండి, కిటికీకి దూరంగా. క్రిస్మస్ సంత నడిచే వారాల్లో ధర బాగా పెరుగుతుంది. నెలకు మాట్లాడుకుంటే తగ్గిస్తారు, కానీ అది వాళ్లంతట వాళ్లు చెప్పరు.