మెయిన్‌ఫ్రేమ్ తెర మీదే లెక్కలు: రెక్స్‌పై నా సమీక్ష

విజయవాడ పటమటలోని ఇంటి నుంచే ఒక బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌లో, అంటే దాని భారీ కంప్యూటర్‌లో, నడిచే వడ్డీ జాబులను (వడ్డీ లెక్కకట్టే పనులను) చూసుకునే నేను, ఒక్క అంకె సరిచూడాలన్నా బీసెంట్ రోడ్డులో కొన్న కాలిక్యులేటర్‌నే చాలాకాలం ఆశ్రయించాను. తెర మీది అంకెలను మళ్లీ వేళ్లతో కొట్టేటప్పుడు తప్పులు దొర్లుతుండడంతో, ఆ కంప్యూటర్‌ను నడిపే జెడ్/ఓఎస్‌లో, ఆదేశాలు టైపు చేసే టీఎస్ఓ అనే సౌకర్యంతో పాటే లభించే రెక్స్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పన్నెండు వరుసల స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) రాసుకున్నాను. మెనూలతో పనిచేయించే ఐఎస్‌పీఎఫ్‌లో ఏ తెర మీద ఉన్నా, కమాండ్ వరుసలో టీఎస్ఓ అని, దాని పక్కన స్క్రిప్టు పేరు, లెక్క ఇస్తే జవాబు వస్తుంది.

ఐబీఎంలో మైక్ కౌలిషా 1979లో రూపొందించడం మొదలుపెట్టిన ఈ భాషలో నాకు అన్నిటికంటే నచ్చినది దశాంశ గణితం, అంటే సంఖ్యలను మనం కాగితం మీద రాసే పద్ధతిలోనే లెక్కకట్టడం. 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 వస్తుంది, పైసల లెక్క చూసేవారికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ముందుగా చెప్పకపోతే రెక్స్ 9 అంకెల వరకే లెక్క కడుతుంది. 123456789.45కు 10 పైసలు కలిపితే 123456790 అని చూపుతుంది. పన్నెండు కోట్లు దాటిన మొత్తంలో పైసలు ఇలా కనబడకుండా పోవడం ప్రమాదకరం కనుక, స్క్రిప్టు మొదట్లోనే న్యూమరిక్ డిజిట్స్ 31 (31 అంకెల వరకు లెక్క కట్టమని) అని రాయడం తప్పనిసరి.

లెక్క కట్టే అసలు పని ఇంటర్‌ప్రెట్ అనే ఒక్క ఆదేశానిదే. మనం ఇచ్చిన అక్షరాలను అది ప్రోగ్రాములోని వాక్యాలుగానే నడిపిస్తుంది. లెక్క వెనుక సెమికోలన్ పెట్టి డేటాసెట్‌ను (మెయిన్‌ఫ్రేమ్‌లోని ఫైలును) తొలగించే ఆదేశం రాసినా ఆగకుండా అమలు చేస్తుంది. అందువల్ల అంకెలు, చుక్క, కుండలీకరణాలు, నాలుగు గణిత చిహ్నాలు తప్ప మరేమీ లేవని వెరిఫై ఫంక్షన్‌తో తేల్చుకున్నాకే లెక్కను దానికి అప్పగిస్తాను. శాతం గుర్తును కావాలనే అనుమతించలేదు. రెక్స్‌లో దానికి పూర్ణాంక భాగహారం అని అర్థం: 17 % 5 అంటే 3. వడ్డీ శాతం అనుకుని ఎవరైనా దాన్ని వాడితే, తప్పు జవాబు కూడా నమ్మదగినట్టే కనబడుతుంది.

మనం 12,34,567 అని కామాలతో రాస్తాం కదా, వాటిని ముందే తీసేసే వరుస ఒకటి చేర్చాను. నా పనిలో ఎక్కువగా ఉపయోగపడినది అదే. సున్నాతో భాగించినప్పుడు గజిబిజి సందేశం రాకుండా, తప్పు జరిగితే పట్టుకునే సిగ్నల్ ఆన్ సింటాక్స్ అనే ఆదేశం ద్వారా తెలుగువారికి అర్థమయ్యే చిన్న వాక్యం చూపిస్తున్నాను.

కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాముల ఫలితాలు రోజూ సరిచూసేవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అక్షరాలను నిరాకరించడం వల్ల హెక్స్ అంకెలు (0 నుంచి 9తో పాటు A నుంచి F వరకు అక్షరాలు వాడే సంఖ్యలు) మాత్రం ఇందులో కుదరవు. వాటికోసం హెక్స్‌ను దశాంశంగా మార్చే ఎక్స్2డీ ఫంక్షన్‌తో వేరే స్క్రిప్టు ఉంచుకున్నాను.