పెట్ట కిందా, ఇంక్యుబేటర్‌లోనా?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందిన వనరాజా రకం కోడిపుంజును నాటు పెట్టల్లో వదిలితే సంకర పిల్లలు వస్తాయి. ఆ పెట్టలు పెట్టిన గుడ్లను పెట్ట కింద పొదిగించినా, ఇంక్యుబేటర్ అనే పొదిగే యంత్రంలో పెట్టినా పట్టేది 21 రోజులే.

నాటు పెట్టకు థర్మామీటర్ అక్కరలేదు. గంపలో వరిగడ్డి పరిచి పది, పన్నెండు గుడ్లు పెడితే చాలు, వాటిని తిప్పుకోవడం కూడా దాని పనే. పిల్లలను గద్ద నుంచి కాపాడేదీ, మేత ఏరుకోవడం నేర్పేదీ అదే. చిక్కేమిటంటే, మన దగ్గర గుడ్లు పోగైనప్పుడే అది పొదుగుకు రావాలని లేదు. వచ్చిందా, పిల్లలు పెద్దవయ్యేదాకా మళ్లీ గుడ్డు పెట్టదు.

ఇంక్యుబేటర్ మన వీలును బట్టి నడుస్తుంది. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీల వేడి, 18వ రోజు దాకా గుడ్లు తిప్పడం, ఆపై తేమ పెంచడం. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లో ఇన్వర్టర్ లేకుండా దాని జోలికి వెళ్లకండి. పుట్టిన పిల్లలకు తొలి వారం బల్బు కింద 35 డిగ్రీల వెచ్చదనం ఇచ్చే బాధ్యతా మనదే.

గుడ్లు యాభై దాటితే యంత్రమే మేలు. పెరటి మందకు మాత్రం నా ఓటు పెట్టకే. అన్నట్టు, వనరాజాకు పొదిగే గుణం అంతగా ఉండదు. సంకర పెట్టలన్నీ పొదుగుకు కూర్చుంటాయని నమ్మకుండా ఒకటి రెండు అచ్చమైన నాటు పెట్టలను అట్టేపెట్టుకోండి.