ఆఫ్‌రోడ్ టైర్లు కొనేవాళ్లు జాగ్రత్త, "ఇంపోర్టెడ్, చివరి పీసులు" అంటూ ఏళ్లనాటి స్టాక్ అంటగడుతున్నారు

థార్, గూర్ఖా, స్కార్పియో ఫోర్ బై ఫోర్ ఉన్నవాళ్లు ఏ/టీ (ఆల్ టెర్రైన్, రోడ్డుకీ మట్టికీ రెండిటికీ), ఎమ్/టీ (మడ్ టెర్రైన్, బురద కోసం) టైర్ల కోసం తిరుగుతుంటే ఒక్క విషయం, టైరు రిమ్ముకి ఎక్కించకముందే దాని మీదున్న తయారీ తేదీ మీ కళ్లతో మీరే చూడండి. ఒకసారి ఎక్కించి నాలుగడుగులు తిప్పారంటే అది వాడిన టైరు కిందే లెక్క, ఎంత మొత్తుకున్నా వెనక్కి తీసుకోరు. షాపు పేరు రాయట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది.

మా బండి థార్, కంపెనీ సైజు 245/75 ఆర్ 16 (మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లో, చివరిది రిమ్ము అంగుళాల్లో). కాఫీ, మిరియాలు కొనే పని మీద పాడేరు పైన ఊళ్లకి తిరుగుతుంటా, తిరుగుడులో ఎక్కువ భాగం తారు రోడ్డూ ఘాటూనే, చివర్లో కాస్త మట్టి దారి, వానాకాలం అయితే అది బురద. ఇలాంటి వాడకానికి ఏ/టీ చాలు, నేను అడిగిందీ అదే. షాపాయన "ఏ/టీ లేవు సార్, ఇంపోర్ట్ ఆపేశారు కదా, నా దగ్గర ఇంపోర్టెడ్ ఎమ్/టీ నాలుగే ఉన్నాయి, 265/75, ఇవి పోతే మళ్లీ దొరకవు, బండి లుక్కే మారిపోద్ది" అని మొదలుపెట్టాడు.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధేస్తుంది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని రెస్ట్రిక్టెడ్ లిస్టులో పెట్టింది, లైసెన్స్ లేకుండా తెప్పించడానికి లేదు, ఆ తర్వాత కొన్ని సైజులు దొరకడం కష్టమైన మాట వాస్తవం. కానీ ఆలోచించండి, అప్పట్లో ఆగిపోయిన సరుకులో చివరి పీసులు ఇప్పుడు అమ్ముతున్నాడంటే అవి ఎప్పుడు తయారైనట్టు? టైర్లు వెనక షెడ్డులో ఎక్కిస్తారంట, కస్టమర్ అక్కడికి రాకూడదంట, "టీ తాగండి సార్" అని ముందు కూర్చోబెట్టారు. బండి బయటికి వచ్చేసరికి టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

నిజం బయటపడింది చింతపల్లి రోడ్డులో ఒక పంక్చర్ షాపు దగ్గర. ఆ పెద్దాయన చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టి, బొటనవేలితో ట్రెడ్ (రోడ్డుని తాకే పొర) దిమ్మని వెనక్కి వంచి మొబైల్ టార్చ్ వేశాడు. గాడి అడుగున దిమ్మల మొదట్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు, ఒకటి కాదు, చుట్టూ. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) తుడిస్తే గుడ్డకి నల్లటి పాలిష్, దాని కింద బూడిదరంగు రబ్బరు. "పాత సరుకు బాబూ, రబ్బరు సచ్చిపోనాది" అన్నాడు. లోపలివైపు, తయారీ వివరాలు చెప్పే డాట్ కోడ్ చివర 2118 అని ఉంది, అంటే 2018లో 21వ వారం. మిగతావి కూడా చూపించమన్నా, రెండు 2118, రెండు 4719. నాలుగూ ఒక లాట్ కూడా కాదు.

కోడ్ సంగతి తెలియనివాళ్లకి: ఆ చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. పూర్తి కోడ్ మామూలుగా ఒకవైపు సైడ్‌వాల్ మీదే ఉంటుంది, రెండోవైపు డాట్ అని మొదలై ఈ అంకెలు లేకుండానే ఆగిపోతుంది. నా టైర్లకి ఆ అంకెలున్న వైపు నాలుగిటికీ లోపలికే తిప్పి ఎక్కించారు. షాపాయనని అడిగితే "తెల్ల అక్షరాలు బయటికి కనపడాలి కదా సార్" అన్నాడు. టైరు పాతదని అంటే "దానికేం ఎక్స్‌పైరీ సార్, పాలప్యాకెట్టా" అని ఎదురు నన్నే అడిగాడు.

వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, గట్టిపడిన రబ్బరు తడి రోడ్డుని పట్టుకోదు. ఎమ్/టీకి దిమ్మల మధ్య ఖాళీలు ఎక్కువ కాబట్టి తారుని తాకే రబ్బరే తక్కువ, తడిలో బ్రేకింగ్ అసలే అంతంతమాత్రం, పైగా పాతదైతే ఇంక చెప్పేదేముంది, వాన పడ్డప్పుడు ఘాట్ మలుపులో బ్రేక్ తొక్కితే బండి మలుపు తీసుకోకుండా తిన్నగా జారేది, మొదట్లో రోడ్డు మీద నూనె పడిందేమో అనుకున్నా.

సైజు గోల ఇంకొకటి. 245/75 ఆర్ 16 ఎత్తు దాదాపు 774 మి.మీ., 265/75 ఆర్ 16 అయితే 804. స్పీడోమీటర్ చూపించేదానికన్నా బండి నాలుగు శాతం ఎక్కువ పోతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు మడ్‌ఫ్లాప్‌కి రాసుకుంటుంది, పికప్, మైలేజ్ తగ్గుతాయి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌వాడికి పేచీ పెట్టే సాకు దొరుకుతుంది. ఇవన్నీ ఎవరో ఒకరు చెప్తారు, స్టెప్నీ గురించే ఎవరూ చెప్పరు. వెనక తగిలించిన స్టెప్నీ పాత సైజే కదా, బురదలో ఒక టైరు పంక్చర్ అయితే ఆ చిన్న చక్రం వేసుకుని ఫోర్ హైలో (నాలుగు చక్రాలకీ పవర్ అందే గేరులో) పోలేం. మన బండ్లలో ఎక్కువ పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ పవర్), ముందూ వెనకా వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, ముందూ వెనకా చక్రాలు ఒకే కొలతలో తిరగకపోతే ఆ ఒత్తిడంతా ముందుకీ వెనక్కీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. మెత్తటి బురదలో కొంత జారి సర్దుకుంటుంది, గట్టి నేల తగిలితే మాత్రం రిపేర్ ఖర్చు టైర్ల ఖర్చుని మించిపోతుంది. ముందు రెండు కొత్తవీ వెనక రెండు అరిగినవీ వేసుకుని ఫోర్ హైలో తిరిగేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. సైజు మార్చి తీరాలంటే స్టెప్నీతో కలిపి ఐదూ మార్చండి.

ఎమ్/టీ వద్దే వద్దని అనట్లేదు, నల్లరేగడి చేలల్లో, జిగురు మట్టిలో రోజూ తిరిగేవాళ్లకి అదే కరెక్ట్, చక్రం తిరిగేకొద్దీ మట్టిని విదిలించుకుంటుంది, ఏ/టీ అయితే మట్టి పట్టేసి నున్నగా గుండులా తయారవుతుంది. రోడ్డు మీదే ఎక్కువ తిరిగేవాళ్లకి మాత్రం ఎమ్/టీ అంటే చెవుల్లో హోరు, త్వరగా అరుగుదల, అంతే.

షాపుకి వెళ్తే టైరుని రెండువైపులా తిప్పి చూడండి, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి, దిగుమతి అయిన వాటికీ అది తప్పనిసరే. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) కంపెనీ టైరు మీదున్నదానికన్నా తగ్గకూడదు. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరు అయితే గాలి పాత లెక్కన పట్టిస్తే సరిపోదు, అదే బరువుకి ఎక్కువ పీఎస్ఐ అడుగుతుంది. మీ కళ్లముందే ఎక్కించమనండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అయినా "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనేవాళ్లు ఉన్నారు, ఆ మాట వినకండి. నేను పట్టుబట్టి బిల్లు తీసుకున్నా కాబట్టే ఇప్పుడు 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టగలిగా. కాకపోతే ఆ బిల్లులో సైజు, బ్రాండ్ తప్ప టైరు సీరియల్ నంబర్లు లేవు, అది పట్టుకుని "అవి మా టైర్లే కాదు" అంటున్నాడు షాపాయన. మీరు నాలుగిటి నంబర్లూ తేదీ కోడ్‌తో సహా బిల్లు మీదే రాయించుకోండి.

ప్రస్తుతానికి అవి తీసేసి, అంతకుముందు బండికున్న టైర్లే మళ్లీ వేసుకుని తిరుగుతున్నా, ట్రెడ్ ఇంకా కొంచెం మిగిలుంది. విశాఖ, అనకాపల్లి వైపు 245/75 ఆర్ 16 ఏ/టీ ఈ ఏడాది తయారైనవి ఎవరి దగ్గరైనా ఉన్నట్టు తెలిస్తే చెప్పండి, కోడ్ ఫోటో పెడితే ఇంకా మంచిది.