కోల్డ్ స్టోరేజీలో వీఆర్ శిక్షణ: రీప్లే బాగుంది, గోడే లేదు

గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో భద్రత చూసే ఉద్యోగం నాది. అత్యవసర బృందానికి శిక్షణ ఇవ్వడానికి కొన్న వీఆర్ కిట్‌ను, అంటే కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే నిజంగా అక్కడే ఉన్నట్టు చూపే పరికరాన్ని, చాలాకాలంగా వాడుతున్నాను. బ్యాటరీ, తెర వంటి వివరాలు అమ్మేవారే చెబుతారు కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచినదల్లా రీప్లే గురించే.

అగ్నిమాపక శకటం వచ్చేలోపు లోపలికి వెళ్లవలసింది మా వాళ్లే. పొగలో ఒక చేయి గోడ మీద నుంచి తీయకూడదని, లేచి నిలబడకూడదని ఎంత చెప్పినా తలలు ఊపుతారే గాని డ్రిల్లులో పాటించరు. సరుకున్న ఛాంబర్లో నిజమైన పొగ పెట్టలేం. హెడ్‌సెట్‌లో ఎంత కావాలంటే అంత పెట్టవచ్చు, ఆపై రీప్లేలో ఒక్కొక్కరు నడిచిన దారిని పైకప్పు తీసి చూసినట్టు తెర మీద గీతగా చూడవచ్చు. తల ఎంత ఎత్తుకు లేచిందో, చేయి ఎక్కడ గోడను వదిలిందో ఆ గీత రంగు మారి చూపిస్తుంది. మొదటి సీజనంతా కనిపించిన వారందరికీ దీన్ని పొగిడాను.

ఛాంబర్లను చల్లబరిచే అమ్మోనియా కంప్రెసర్ల దగ్గరే జీవితం గడిపిన మా ప్లాంట్ ఆపరేటర్ ఒకాయన ఓ రోజు డ్రిల్లు ముగించి, ఎడమ చేయి గోడను అసలు వదలలేదని గట్టిగా చెప్పారు. రీప్లే వేస్తే మలుపు దగ్గర గీత ఎర్రబడి, ఛాంబరు మధ్యకు పోయింది. కుర్రాళ్లు నవ్వారు. ఆయన మాత్రం నిదానంగా, "గోడ ఎక్కడుందండీ? చేతికి తగిలితే కదా, వదిలానో లేదో నాకు తెలిసేది" అన్నారు. ఆ మాటకు మా ఎవరి దగ్గరా జవాబు లేదు. రీప్లే పట్టిచ్చే తప్పుల్లో కొన్ని మనిషివి, కొన్ని చేతికేమీ తగలనివ్వని ఆ పరికరం పుట్టించినవి. గీతను చూసి ఏది ఎవరిదో విడదీయలేం.

తరువాత ఖాళీ టిక్కీలలో, అంటే మిర్చి బస్తాలలో, ఊక నింపి, తెరలోని గోడ ఉన్నచోటే వరుసగా పేర్చాం. చేతికి ఆనుకునేది దొరికేసరికి గీతలు చాలావరకు చక్కబడ్డాయి. అయితే హెడ్‌సెట్ తన కెమెరాలతో చుట్టుపక్కల చూసి, తానెక్కడుందో లెక్కగడుతుంది కనుక దానికి వెలుతురు కావాలి. చీకట్లో నడవడం నేర్పే పరికరానికి దీపాలన్నీ వేసి ఉంచాలన్నమాట. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల తెరలోని గోడ ఒకచోట, టిక్కీల వరుస మరోచోట అవుతాయి.

తల ఎత్తును చూపే గీతను నేటికీ నమ్ముతాను, అదీ వీపున గాలి సిలిండర్ ఉన్నప్పుడే. దాదాపు 15 కిలోల బ్రీతింగ్ సెట్ లేకుండా ఎవరైనా వంగగలరు. ఫేస్ మాస్క్ మీద హెడ్‌సెట్ పట్టదు కాబట్టి మాస్క్ వదిలేసి సిలిండర్ మాత్రం తగిలిస్తున్నాం. మే నెలలోనైతే చెమటకు అద్దాలు మసకబారి, మాటిమాటికీ తుడవవలసి వస్తుంది.

అమ్మోనియా లీకు పాఠం బాగుంది. మడుగు కట్టిన ద్రవం మీద నీళ్లు కొడితే ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నడం అందులో కళ్లకు కడుతుంది. నీటిని తెరలా చల్లవలసింది ఆవిరి మీదనే అని ఇప్పుడు కొత్తవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కానీ ప్రాణానికి తక్షణ ప్రమాదమని చెప్పే 300 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 300) మోతాదుకు ఎంతో ముందే మనల్ని హెచ్చరించేది ముక్కు, దానికి ఇక్కడ పని లేదు. కాలే మిర్చి ఘాటు సంగతి సరేసరి. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫ్లేమ్ ట్రైనర్ అనే అగ్నిమాపక వీఆర్ కిట్‌లో గొట్టం వెనక్కి తన్నే బలాన్నీ, వేడెక్కే చొక్కానూ కలిపారు. మాది ఆ తరగతిది కాదు.

ప్రతి సీజనుకూ సగం మంది కొత్తవారు వచ్చే మా వంటి చోట దీన్ని వదులుకోలేను. పొగ గదీ డ్రిల్లు మైదానమూ ఉన్న బృందానికి ఇదే సలహా ఇవ్వను. ప్రస్తుతానికి తల ఎత్తు గీతను రోజూ అందరికీ చూపిస్తున్నాను, చేతి గీతను మాత్రం టిక్కీలు పేర్చిన రోజునే తెరుస్తున్నాను.